సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) వచ్చింది సరే, ఇన్‌స్ట్రక్టర్‌గా చేరాలా, నేరుగా ఎయిర్‌లైన్‌కి వెళ్ళాలా?

ఈ ప్రశ్న నన్ను నెలకి ఇద్దరు ముగ్గురైనా అడుగుతుంటారు. చాలాసార్లు ఫోన్ చేసేది లైసెన్స్ వచ్చిన అబ్బాయో అమ్మాయో కాదు, వాళ్ళ నాన్నగారు. "మావాడికి 200 గంటల ఫ్లయింగ్ అయిపోయిందండీ, లైసెన్స్ కూడా చేతికొచ్చింది, ఒకాయనేమో ఇన్‌స్ట్రక్టర్‌గా చేరమంటున్నాడు, ఇంకొకాయన అదంతా టైమ్ వేస్ట్, వెంటనే టైప్ రేటింగ్ చేయించెయ్యండి అంటున్నాడు, మమ్మల్నేం చెయ్యమంటారు?" అని. (టైప్ రేటింగ్ అంటే ఎయిర్‌బస్ ఏ320 లాంటి ఒక ఫలానా రకం విమానం నడపడానికి తీసుకునే ప్రత్యేక అర్హత.) వాళ్ళ గొంతులో టెన్షన్ నాకు అర్థమవుతుంది, ఎందుకంటే మా నాన్న కూడా ఇలాగే తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేశాడు. నేను 20 నెలలు అసిస్టెంట్ ఫ్లైట్ ఇన్‌స్ట్రక్టర్‌గా పనిచేసి, ఇప్పుడు ఏ320లో కుడి సీట్లో, అంటే ఫస్ట్ ఆఫీసర్‌గా (కో-పైలట్‌గా), కూర్చుంటున్నాను. అందరికీ విడివిడిగా చెప్పే మాటే ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను, తర్వాత తీరిగ్గా కారణాలు చూద్దురుగాని. చేరాల్సిన తేదీతో సహా ఎయిర్‌లైన్ కాగితం చేతిలో ఉంటే వెళ్ళిపోండి, గంటలు పెంచుకుని వెళ్తానని ఆగొద్దు. కాగితం లేకపోతే ఇన్‌స్ట్రక్టర్‌గా చేరండి, అయితే కనీసం ఏడాది మనసుపెట్టి నేర్పగలను అనుకుంటేనే. ఉద్యోగం మాట లేకుండా అప్పు చేసి సొంతంగా టైప్ రేటింగ్ చేయడం అన్నిటికంటే చివరి మాట.

ఎయిర్‌లైన్ పిలిస్తే ఆగొద్దని ఎందుకంటున్నానంటే, ఎయిర్‌లైన్లో మీ జీవితమంతా సీనియారిటీ మీద నడుస్తుంది. ఎప్పుడు చేరారన్నదాన్ని బట్టే కమాండ్ అప్‌గ్రేడ్‌లో (కెప్టెన్ అవ్వడంలో) మీ వంతు వస్తుంది, చాలా కంపెనీల్లో బేస్ (పనిచేసే ఊరు) మార్పు కూడా అంతే. 500 గంటల ఇన్‌స్ట్రక్టర్ అనుభవంతో ఏడాది ఆలస్యంగా చేరినవాడు, 200 గంటలతో ముందే చేరినవాడి వెనకే నిలబడతాడు. పైగా రిటైర్మెంట్ 65కి. 22 ఏళ్ళవాడికి ఒక ఏడాది పెద్ద లెక్క కాకపోవచ్చు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి 33లో ఈ లైన్లోకి వచ్చినవాళ్ళకి మాత్రం ప్రతి ఏడాదీ లెక్కే. మావాళ్ళలో ఈ రెండో రకం ఇప్పుడు బాగా పెరిగారు కాబట్టి ప్రత్యేకంగా చెబుతున్నా.

కానీ ఆ కాగితం సరిగ్గా చదవండి. అందులో జాయినింగ్ తేదీ ఉందా, లేక "తర్వాత తెలియజేస్తాం" అని ఉందా? టైప్ రేటింగ్ ఖర్చు ఎవరిది, ఏ ట్రైనింగ్ సంస్థలో, స్టైపెండ్ ఏ రోజు నుంచి మొదలవుతుంది, బాండ్ ఎన్నేళ్ళు, మధ్యలో చెక్‌లో ఫెయిలైతే డబ్బు సంగతేంటి? నాతో చదివిన ఒకతను సెలెక్ట్ అయ్యాడని ఊళ్ళో ఫ్లెక్సీ కూడా కట్టించారు, తీరా చూస్తే అది వెయిటింగ్ పూల్. 14 నెలలు ఇంట్లో కూర్చున్నాడు. ఆ 14 నెలల్లో ఒక్క గంట కూడా ఎగరలేదు, చివరికి పిలుపు వచ్చేసరికి సిమ్యులేటర్లో చెయ్యి ఆడలేదు. ఆలూ లేదు చూలూ లేదు అన్న సామెత ఊరికే పుట్టలేదు.

ఇక కాగితం లేనివాళ్ళ సంగతికి వద్దాం, ఎక్కువమంది వాళ్ళే కదా. బయట వినేదేమో పైలట్ల కొరత. 2023లో ఎయిర్ ఇండియా 470, ఇండిగో 500 విమానాలు ఆర్డర్ పెట్టాయి, ఆకాశ అనే కొత్త కంపెనీ కూడా 2024 జనవరి నాటికి 200 దాటి ఆర్డర్లు పెట్టుకుంది, ఇదంతా నిజమే. కానీ ఆ విమానాలు ఒక్కసారిగా వచ్చి వాలవు, ఏళ్ళ తరబడి వస్తూనే ఉంటాయి. రెండోది, కొరత అసలు కెప్టెన్లకి, ఆ టైప్ మీద అనుభవం ఉన్నవాళ్ళకి. 200 గంటల కొత్త సీపీఎల్ వాళ్ళకి కొరత లేదు. 2023 ఒక్క ఏడాదిలోనే విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 1,622 సీపీఎల్‌లు ఇచ్చింది. అదే ఏడాది మే నెలలో గో ఫస్ట్ ఆగిపోయింది, దాంతో ఏ320 మీద వందలు, వేల గంటలున్న పైలట్లు కూడా ఉద్యోగాల కోసం బయటికొచ్చారు. 2012లో కింగ్‌ఫిషర్, 2019లో జెట్ ఎయిర్‌వేస్ ఆగినప్పుడూ ఇదే కథ. ఒక కంపెనీ ఆగిపోతే దాని దెబ్బ ఆ కంపెనీ వాళ్ళకే కాదు, కింద క్యూలో నిలబడ్డ కొత్తవాళ్ళకి కూడా తగులుతుంది. కాబట్టి "రేపో మాపో పిలుస్తారు" అనే ధీమాతో ఖాళీగా ఉండకండి.

ఖాళీగా ఉంటే ఏమవుతుందంటే, ముందు చెయ్యి పోతుంది, తర్వాత కాగితాలు పోతాయి. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయటికి చూడకుండా పరికరాలు చూసి ఎగిరే అర్హత) ఏడాదికోసారి చెక్ చేయించుకోవాలి, క్లాస్ 1 మెడికల్ 40 లోపు వాళ్ళకి ఏడాదికోసారి, మల్టీ ఇంజిన్ మీద కూడా ఎగురుతూ ఉండాలి. ఇవన్నీ సొంత డబ్బుతో నిలబెట్టుకోవడం ఎంత భారమో రెండో ఏడాది తెలుస్తుంది.

సొంతంగా టైప్ రేటింగ్ చేయించమనేవాళ్ళ వాదన ఏంటంటే, రేటింగ్ ఉన్నవాళ్ళని ముందు పిలుస్తారని. కొన్నిసార్లు అలాంటి నోటిఫికేషన్లు వస్తాయి, కాదనను. కానీ సీపీఎల్‌కి అప్పటికే 50 లక్షల పైన పెట్టాక, ఇంకో పది పదిహేను లక్షలు పోసి సిమ్యులేటర్లో రేటింగ్ తెచ్చుకున్నారనుకోండి, ఉద్యోగం వెంటనే రాకపోతే ఆ రేటింగ్‌ని బతికించడానికి మళ్ళీ మళ్ళీ సిమ్యులేటర్ గంటలు కొనాలి. సెస్నా అద్దెకి తీసుకుని ఎగిరినట్టు ఏ320 అద్దెకి దొరకదు కదా. నోటిఫికేషన్ వచ్చి, అందులో రేటింగ్ కావాలని ఉండి, వాళ్ళు అడిగే గంటలు మీ దగ్గర ఉంటే అప్పుడు ఆలోచించండి. ఏజెంట్ మాట నమ్మి మాత్రం వద్దు.

సరే, ఇన్‌స్ట్రక్టర్ అవ్వడం ఎలా? మన దేశంలో ముందు ఏఎఫ్ఐఆర్, అంటే అసిస్టెంట్ ఫ్లైట్ ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్. దానికి శిక్షణ, రాత, నోటి పరీక్షలు, ఫ్లైట్ టెస్ట్ ఉంటాయి. విమానం దొరికి, వాతావరణం బాగుంటే రెండు మూడు నెలల పని. ఏఎఫ్ఐగా (అసిస్టెంట్‌గా) మీరు ఎఫ్ఐ (పూర్తి స్థాయి ఫ్లైట్ ఇన్‌స్ట్రక్టర్) పర్యవేక్షణలో నేర్పుతారు, మీ స్టూడెంట్‌ని మొదటి సోలోకి (ఒంటరిగా ఎగరడానికి) పంపే అధికారం మీకుండదు, అది ఎఫ్ఐ చేస్తాడు. తర్వాత అనుభవం వచ్చాక ఎఫ్ఐఆర్, అంటే ఫ్లైట్ ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్.

దీనిలో అసలు కష్టం ఎగరడం కాదు, ప్యాటర్. అంటే విమానం నడుపుతూనే మీరు చేస్తున్నది చేస్తున్నట్టు, ఎదుటివాడికి అర్థమయ్యే మాటల్లో చెప్పడం. మీరు ఫ్లేర్ (నేల తాకే ముందు ముక్కు కాస్త ఎత్తడం) ఎన్నోసార్లు చేసుంటారు, "ఇప్పుడు కళ్ళు రన్‌వే చివరికి ఎత్తు, ముక్కు కొంచెం కొంచెంగా పైకి, పవర్ తీసెయ్, పట్టుకో, పట్టుకో" అని సరిగ్గా ఆ క్షణానికి ఆ మాట నోట్లోంచి రావాలంటే మాత్రం మొదటి 15 రోజులు నాలుక మడత పడిపోతుంది. నేను రాత్రిళ్ళు హాస్టల్ గదిలో కుర్చీలో కూర్చుని స్కేలు పట్టుకుని ప్యాటర్ చెప్పుకునేవాణ్ణి, రూమ్మేట్ నాకేదో పట్టిందనుకున్నాడు. పైగా ఇన్నాళ్ళూ ఎడమ సీట్లో కూర్చున్నారు, ఇప్పుడు కుడి సీటు. చూపు మారుతుంది, రన్‌వే మధ్య గీత ఎక్కడుందో మళ్ళీ కొత్తగా నేర్చుకోవాలి. ఎడమ చేతిలో ఉండే యోక్ (స్టీరింగ్ లాంటిది) కుడి చేతిలోకి, కుడి చేతిలో ఉండే థ్రాటిల్ (ఇంజిన్ పవర్ లివర్) ఎడమ చేతిలోకి వస్తాయి. ఇది తర్వాత ఎంత పనికొచ్చిందో చెప్పాలి: ఏ320లో ఫస్ట్ ఆఫీసర్‌కి సైడ్‌స్టిక్ కుడి చేతికి, థ్రస్ట్ లివర్లు ఎడమ చేతికి ఉంటాయి. నాకు మొదటి రోజు నుంచీ అది వింతగా అనిపించలేదు, పక్క బ్యాచ్‌మేట్లు చేతులు అలవాటు చేసుకోవడానికే నాలుగు సెషన్లు తీసుకున్నారు.

నేర్పడం వల్ల వచ్చే అసలు లాభం గంటలు కాదు, తప్పుని ముందే పసిగట్టడం. కొత్త స్టూడెంట్ ఫైనల్‌లో (రన్‌వేకి ఎదురుగా దిగేటప్పుడు) స్పీడ్ తగ్గిపోతున్నా చూసుకోడు, వాడి భుజాలు బిగుసుకోవడం చూసి మీకు ముందే తెలిసిపోతుంది వీడు ఇప్పుడు యోక్ లాగేస్తాడని. ఎంతవరకు తప్పు చేయనివ్వాలి, ఏ క్షణంలో "ఐ హావ్ కంట్రోల్" అనాలి అన్నది ఏ పుస్తకంలోనూ దొరకదు. నేను ఒకసారి అర సెకను ఆలస్యం చేశాను, విమానం రన్‌వే మీద బంతిలా ఎగిరింది, గో అరౌండ్ చేసి (దిగడం ఆపి మళ్ళీ పైకి లేచి) బయటపడ్డాం. దిగాక ఆ కుర్రాడు నాకు సారీ చెప్పాడు, నిజానికి నేను వాడికి చెప్పాల్సింది. ఆ రోజు నుంచి సర్క్యూట్లలో (రన్‌వే చుట్టూ తిరిగి దిగే సాధనలో) నా కుడి చెయ్యి ఎప్పుడూ యోక్‌కి వేలెడు దూరంలోనే ఉండేది.

గంటల లెక్క కూడా చూద్దాం. ఇన్‌స్ట్రక్టర్‌గా మీరు ఎగిరిన గంటలన్నీ పైలట్ ఇన్ కమాండ్ గంటలే. ఏటీపీఎల్‌కి (కెప్టెన్ అవ్వడానికి కావాల్సిన లైసెన్స్) మొత్తం 1500 గంటలు కావాలి, అందులో కమాండ్ గంటలకి వేరే షరతులున్నాయి, అక్కడ ఇవి అక్కరకొస్తాయి. కానీ ఒక నిజం: ఏ320 ఫస్ట్ ఆఫీసర్‌కి ఏడాదికి వెయ్యి గంటల పరిమితి దాకా ఎగిరే అవకాశం ఉంటుంది, చిన్న ఫ్లయింగ్ స్కూల్లో ఇన్‌స్ట్రక్టర్‌కి వానాకాలం, పొగమంచు, సర్వీసింగ్‌లో పడుకున్న విమానాలు, ఆవ్‌గ్యాస్ (చిన్న విమానాల పెట్రోల్) కొరత అన్నీ పోను దానిలో సగం కూడా రాకపోవచ్చు. విజిబిలిటీ ఐదు కిలోమీటర్లు లేకపోతే స్టూడెంట్ ఫ్లయింగ్ కదలదు. ఉత్తరాదిలో డిసెంబర్, జనవరి నెలల్లో పొద్దున్నే బ్రీఫింగ్ అయిపోయి, పదిన్నర దాకా టీలు తాగుతూ మంచు కేసి చూడటమే పని.

డబ్బు సంగతి మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి. 50 లక్షల లోన్, 11 శాతం వడ్డీ, పదేళ్ళకి అనుకుంటే నెలకి దాదాపు 69 వేలు ఈఎంఐ. కొత్త ఏఎఫ్ఐ జీతం చాలాచోట్ల దానికి చాలదు. ఇది చేరే ముందు ఇంట్లో కూర్చుని నాన్నతో, అమ్మతో లెక్క వేసుకోవాల్సిన విషయం, చేరాక తెలుసుకునేది కాదు. మారటోరియం ఇంకెన్ని నెలలుంది, ఇంట్లోవాళ్ళు వడ్డీ వరకైనా కట్టగలరా, పొలం ఏదైనా తాకట్టులో ఉందా, ఇవన్నీ. నేను చేసినన్నాళ్ళూ ఈఎంఐ మా అన్నయ్య కట్టాడు. అది లేకపోతే నేను ఇన్‌స్ట్రక్టర్ ఉద్యోగం గురించి ఇంత గొప్పగా రాసేవాణ్ణి కాదేమో.

స్కూల్ ఎంచుకునేటప్పుడు బ్రోషర్ చూడకండి. అక్కడ పది విమానాల ఫోటోలుంటాయి, హ్యాంగర్‌కి వెళ్తే నాలుగే ఎగురుతుంటాయి. మీరు నేరుగా వెళ్ళి, హ్యాంగర్ బయట టీ బండి దగ్గర ఒక గంట నిలబడండి. అక్కడ మెకానిక్‌లు, చివరి నెలల్లో ఉన్న స్టూడెంట్లు ఉంటారు, వాళ్ళని అడగండి: ఈ వారం ఎన్ని విమానాలు ఎగిరాయి, ఒక ఇన్‌స్ట్రక్టర్‌కి ఎంతమంది స్టూడెంట్లు, సోలోకి పంపే ఎఫ్ఐ రోజూ ఉంటాడా లేక వారానికోసారి వస్తాడా, నెల జీతం నెలకే వస్తుందా. ఆ తర్వాత ఆఫీసులో అడగాల్సినవి: జీతం ఫిక్స్‌డా, గంటకింతా? గంటకింత అంటే వానాకాలంలో ఆకలే. ఏఎఫ్ఐఆర్ శిక్షణ వాళ్ళే ఇస్తే దానికి బాండ్ ఎన్నాళ్ళు, మధ్యలో ఎయిర్‌లైన్ పిలిస్తే నోటీసు ఎంత? నేను మొదట చూసిన ఒక స్కూల్లో మూడేళ్ళ బాండ్, ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ళ దగ్గర పెట్టమన్నారు. నమస్కారం పెట్టి వచ్చేశాను. మీరూ అదే చేయండి, ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వొద్దు.

అమెరికాలో ట్రైనింగ్ చేసిన మనవాళ్ళకి ఈ లెక్క వేరు. 2009 ఫిబ్రవరిలో బఫలో దగ్గర కోల్గన్ ఎయిర్ విమానం కూలి 50 మంది చనిపోయాక అక్కడ చట్టం మారింది, 2013 నుంచి ఎయిర్‌లైన్లో ఫస్ట్ ఆఫీసర్‌గా చేరాలన్నా మామూలుగా 1500 గంటలు ఉండాల్సిందే, యూనివర్సిటీ ఏవియేషన్ డిగ్రీ వాళ్ళకి వెయ్యి. ఆ విమానంలో ఉన్న ఇద్దరు పైలట్లకీ అప్పటికే 1500 దాటి గంటలున్నాయన్నది వేరే విషయం. అందుకని అక్కడ ఇన్‌స్ట్రక్టర్ పని ఒక ఎంపిక కాదు, ఎక్కువమందికి అదే దారి. మనవాళ్ళకి తేడా వీసా దగ్గర వస్తుంది: ఎఫ్1 స్టూడెంట్ వీసా మీద వెళ్ళినవాళ్ళకి ఓపీటీలో (చదువుకి సంబంధించిన పని చేసుకునే అనుమతి) ఏడాది దాకా ఇన్‌స్ట్రక్టర్‌గా పనిచేసే వీలుంటుంది, ఎం1 (వృత్తి శిక్షణ వీసా) వాళ్ళకి గరిష్ఠంగా ఆరు నెలలే. అక్కడ 250 గంటలతో తిరిగొచ్చి ఇక్కడ లైసెన్స్ మార్పిడికి డీజీసీఏ పరీక్షలు రాసేవాళ్ళ కంటే, ఆ ఏడాది వాడుకుని 700, 800 గంటలతో వచ్చినవాళ్ళ చెయ్యి బాగుంటుంది. అయితే అక్కడి సీఎఫ్ఐ (ఇన్‌స్ట్రక్టర్ సర్టిఫికెట్) ఇక్కడికొచ్చాక దానంతటదే ఏఎఫ్ఐఆర్ అయిపోదు, అది గుర్తుంచుకోండి.

ఇన్‌స్ట్రక్టర్‌గా చేరినవాళ్ళు ఎయిర్‌లైన్ సెలక్షన్లో దెబ్బతినే చోటు ఒకటుంది, ఇది నా సొంత అనుభవం. రోజంతా పగటిపూట, బయటికి చూస్తూ, సర్క్యూట్లు కొడతాం. ఇన్‌స్ట్రుమెంట్ స్కాన్ (పరికరాల మీద వరసగా చూపు తిప్పే అలవాటు) మెల్లగా పోతుంది, మనకి తెలియదు. నా మొదటి సిమ్యులేటర్ అసెస్‌మెంట్‌లో ఆటోపైలట్, ఫ్లైట్ డైరెక్టర్ (ఎటు తిప్పాలో తెరమీద చూపే గుర్తులు) తీసేసి ఐఎల్ఎస్ (రేడియో సంకేతాల ఆధారంగా రన్‌వేకి దిగడం) చేయమన్నారు, 600 గంటలున్న నేను 210 గంటలవాడి కంటే ఘోరంగా చేశాను. ఇంకోటి, పక్కన కూర్చున్నవాడు చిన్న తప్పు చేయగానే నా చెయ్యి ముందుకెళ్ళిపోయింది. అక్కడ పక్కనున్నది స్టూడెంట్ కాదు, తాతకి దగ్గులు నేర్పకూడదు. మాటతో చెప్పాలి, వినకపోతే మళ్ళీ గట్టిగా చెప్పాలి, ఎయిర్‌లైన్ పద్ధతి అది. మొదటిసారి ఫెయిలయ్యాక నెలకి రెండు గంటలు సిమ్యులేటర్ డబ్బులు పక్కన పెట్టుకుని, హోల్డింగ్ (గాల్లో వేచి తిరగడం), రా డేటా ఐఎల్ఎస్ (ఫ్లైట్ డైరెక్టర్ సాయం లేకుండా చేసేది), సింగిల్ ఇంజిన్ అప్రోచ్ మాత్రమే చేసేవాణ్ణి. రెండోసారి గట్టెక్కాను. మీరు మొదటి నెల నుంచే చేయండి, జీతంలో పోయినా సరే.

గ్రౌండ్ క్లాసులు కూడా తప్పించుకోకండి. మెట్ (వాతావరణ పాఠం), నావిగేషన్ పిల్లలకి చెబుతుంటే ఇంటర్వ్యూకి వేరే చదవక్కర్లేదు. "ఆల్టిమీటర్ చల్లటి గాలిలో ఎందుకు ఎక్కువ చూపిస్తుంది సార్" అని 19 ఏళ్ళ కుర్రాడు అడిగితే బోర్డు ముందు నీళ్ళు నమిలిన రోజు నాకింకా గుర్తుంది. అదే ప్రశ్న ఎయిర్‌లైన్ ప్యానెల్లో వస్తే నవ్వొచ్చింది.

ఎవరు ఇన్‌స్ట్రక్టర్ అవ్వకూడదో కూడా చెప్పాలి. ఓపిక లేనివాళ్ళు, గంటల కోసమే వచ్చేవాళ్ళు. మీ లాగ్‌బుక్ నిండాలని, సోలోకి సిద్ధమైన పిల్లకి ఇంకో ఐదు డ్యూయల్ గంటలు (ఇన్‌స్ట్రక్టర్ పక్కనుండి ఎగిరేవి) వేయడం మోసం. ఆ గంట ఖర్చు కూడా ఎవరో ఒక నాన్న పొలం మీద తెచ్చిన అప్పే.

చివరిగా వెళ్ళిపోయే రోజు గురించి. ఎయిర్‌లైన్ నుంచి పిలుపు రాగానే ఆనందంలో అందరూ మర్చిపోయేది లాగ్‌బుక్. ఇన్‌స్ట్రక్షన్ గంటలన్నీ ప్రతి నెలా స్కూల్ వాళ్ళతో సంతకం, ముద్ర వేయించుకోండి, డీజీసీఏ ఆన్‌లైన్ పోర్టల్ ఈజీసీఏలో ఎంట్రీలు దానితో సరిపోతున్నాయో చూసుకోండి, విమానం రిజిస్ట్రేషన్, టైమ్ ఒక్క నిమిషం తేడా ఉన్నా అప్పుడే సరిచేయించండి. నేను చివరి మూడు నెలలవి వాయిదా వేశాను. సంతకం పెట్టాల్సినాయన ఉద్యోగం మానేసి వేరే ఊరు వెళ్ళిపోయారు, 140 గంటల కోసం రైలెక్కి వెళ్ళి ఆయన్ని పట్టుకోవాల్సి వచ్చింది. వీడ్కోలు కేకు తర్వాత కోసుకోవచ్చు, ముందు సంతకాలు పెట్టించుకోండి.